నేల తాకని నీళ్ళు

పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో నాదొక చిన్న షాపు. ఏసీలు, ఫ్రిజ్‌లు అమ్ముతాను, బిగిస్తాను, పాడైతే బాగు చేస్తాను. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఆవిడ అంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళు పైకి అనరు గానీ వాళ్ళ మొహాలు అంటాయి. అయినా మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నేను బిగించిన ఏసీకి కరెంటు బిల్లు తక్కువ వస్తుందని ఊళ్ళో పేరు.

అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఏసీ అంటే ఒక డబ్బా కాదు, రెండు. గోడకి లోపల ఒకటి, బయట ఒకటి. లోపలిది గదిలో ఉన్న వేడినీ చెమ్మనీ లాగుతుంది. బయటిది ఆ వేడిని తీసుకెళ్ళి బయట పారబోస్తుంది. లోపలిది ఎంత లాగగలదో బయటిది అంతే పారబోయాలి. మధ్యలో పైపు దానికి తగ్గ లావుండాలి, అందులో గ్యాసు దానికి రాసిపెట్టిందే ఉండాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ తెచ్చి కలిపితే మిషను నడవదా అంటే నడుస్తుంది. నడుస్తూ కరెంటు తాగేస్తుంది, గదిలో ఉన్నవాడికి మాత్రం సుఖం ఉండదు.

ఇది చెబితే వినేవాళ్ళు తక్కువ. తుఫాను వచ్చిందంటే మా వైపు మేడల మీద నుంచి బయటి డబ్బాలు ఎగిరి పడతాయి. తుఫాను రాని ఏడు ఆ పని ఉప్పుగాలి చేస్తుంది, కాకపోతే మెల్లగా. లోపలి డబ్బా మాత్రం నిగనిగలాడుతూ గోడకి అలాగే ఉంటుంది. దాన్ని చూసి ఎవరికీ పారేయబుద్ధి కాదు. సంతబొమ్మాళి నుంచో టెక్కలి నుంచో ఒక పెద్దమనిషి వస్తాడు.

"బయటిది ఏదో ఒకటి తగిలించీ బాబూ. సల్లగాలొత్తే సాలు. దానికీ కులం గోత్రం సూడాలేటి?" అంటాడు.

"సూడాల. పెళ్ళికన్నా గట్టిగా సూడాల" అని కసురుకుంటాను.

మా దగ్గర బాధ ఎండ ఒక్కటే కాదు, ఉక్క. వేరే ఊళ్ళ వాళ్ళకి గది చల్లబడితే చాలు. మాకు గది ఆరాలి. సముద్రం గాలిలో ఉన్న తడినంతా మిషను పిండి బయటికి పంపితే తప్ప ఒంటికి హాయి అనిపించదు. అందుకని ఏసీ బిగించిన ప్రతి ఇంట్లోనూ నీళ్ళు బయటికి వచ్చే సన్న పైపు కింద ఒక బకెట్టు పెట్టిస్తాను. నీళ్ళు ధార కట్టి పడుతుంటే లోపలిదీ బయటిదీ జత కుదిరినట్టు. అప్పుడొకటీ ఇప్పుడొకటీ చుక్క పడుతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. పదిమందికీ ఆ బకెట్టు చూపించి గొప్పలు పోవడం నాకు అలవాటు.

ఇదంతా ఎందుకంటే, మా అప్ప ఇంట్లో పెట్టించిన బకెట్టు గురించి చెప్పాలి.

మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పని వజ్రపుకొత్తూరు వైపు, అలల చప్పుడు వినిపించేంత దగ్గర్లో ఉన్న ఊరికి ఇచ్చారు. బావకి కొబ్బరి తోట ఉంది, దాని వెనక కాస్త జీడి తోట. మనిషి మెతక, మాట తక్కువ, మొక్కలంటే ప్రాణం. అప్ప అందుకు పూర్తిగా విరుద్ధం. ఇంట్లో మాట్లాడితే వీధి చివరికి వినిపించేది. ఈ నోరు నీకెక్కడి నుంచి వచ్చిందని మా ఆవిడ దెప్పినప్పుడల్లా నేను అప్పని చూపించి తప్పించుకునేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ నోరే. తిడుతూ అన్నం పెట్టింది, తిడుతూ ఐటీఐలో చేర్పించింది.

ఆ పక్క ఊళ్ళన్నిటినీ కలిపి ఉద్దానం అంటారు. అప్ప ఊళ్ళో కిడ్నీ జబ్బు అడుగు పెట్టని వీధి లేదు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఇదీ కారణం అని ఎవరూ తేల్చి చెప్పలేదు. ఊరివాళ్ళు మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు. అది నేలలో ఉంది, నేల నుంచి నీళ్ళలోకి వచ్చింది. బోరంటే భయం, నుయ్యంటే భయం. ఇప్పుడు ఎక్కడి నుంచో గొట్టాల్లో మంచినీళ్ళు వస్తున్నాయి. అయినా బిందె నింపేటప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ఒకసారి వంగి నీళ్ళ రంగు చూసుకుంటారు. అప్ప కూడా చూసుకునేది. చూసుకుంటూ ఉండగానే ఆమెకీ వచ్చింది.

మొదట కాళ్ళు వాచాయి. తర్వాత అన్నం సయించలేదు. ఇంకొన్నాళ్ళకి డయాలసిస్ మొదలైంది. కొన్నేళ్ళపాటు రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వచ్చేవారు. మిషను మీద నుంచి దిగాక బావ మందుల కోసం వెళ్తే అప్ప మా షాపుకి వచ్చి నా కుర్చీలో వాలిపోయేది. ఒంట్లో ఓపిక లేకపోయినా నోట్లో ఉండేది. వచ్చినవాళ్ళ ముందే "ఒరే, ఈ బల్ల తుడిసి ఎన్నాళ్ళైందిరా?" అని నా పరువు తీసేది. ఆ తిట్లు వినడానికే నేను ఆ రోజుల్లో బయటి పనులు పెట్టుకునేవాణ్ణి కాదు.

డయాలసిస్ తెలియనివాళ్ళు సూదుల గురించి అడుగుతారు. సూదులకి మనిషి అలవాటు పడతాడు. అలవాటు పడలేనిది దాహానికి. ఒంట్లోకి వెళ్ళిన నీళ్ళు బయటికి వచ్చే దారి ఉండదు. తాగిందంతా లోపలే ఉండిపోయి కాళ్ళలోకీ మొహంలోకీ చేరుతుంది. ఇంకా ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోయి గుండెని నొక్కేస్తుంది. అందుకని రోజుకి ఇన్నే నీళ్ళు అని కొలత పెడతారు. అప్పకి ఒక చిన్న స్టీలు గ్లాసు ఉండేది. పొద్దున అదొక్కటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మందులతో ఒకటి. టీ అయినా మజ్జిగ అయినా ఆ కొలతలోంచే పోవాలి. కొలిచి ఇచ్చే పని బావది. తోటలో మొక్కకి ఒక చెంబు ఎక్కువ పోసేవాడే తప్ప తక్కువ పోసి ఎరగని మనిషికి ఆ పని పడింది.

"ఇంకొక్క గుక్క ఇయ్యండి" అనేది అప్ప.

"వొద్దే. నీకు మంచిది కాదు" అని గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. అక్కడ ఏమీ చేసేవాడు కాదు, ఊరికే నిలబడేవాడు. నేనొకసారి చూశాను. తాను కూడా ఆమె ఎదుట నీళ్ళు తాగడం మానేశాడు.

వేసవి వచ్చేసరికి అప్ప నాలుక పిడచగట్టుకుపోయేది. ఏలక్కాయ బుగ్గన పెట్టుకునేది, తడిగుడ్డ పెదవులకి అద్దుకునేది. ఇంటికి ఎవరైనా వచ్చి గడగడా నీళ్ళు తాగుతుంటే వాళ్ళ గొంతు వైపే చూసేది. ఆసుపత్రిలో సిస్టరమ్మ బావకి ఒక ఉపాయం చెప్పింది. వేడికి దాహం పెరుగుతుంది, ఆవిణ్ణి చల్లగా ఆరిన గదిలో పడుకోబెట్టండి, కొంత తగ్గుతుంది అని.

ఏసీ షాపున్న బావమరిదిని నేను ఉండగా బావ ఏం చేశాడంటే, నాకు చెప్పకుండా టెక్కలిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన లోపలి డబ్బా కొన్నాడు. కోటబొమ్మాళిలో ఇంకెవరి దగ్గరో బయటి డబ్బా కొన్నాడు. ఎవరో మెకానిక్కుని పిలిచి రెండూ కలిపించాడు. నన్నడిగితే డబ్బు తీసుకోనని మొహమాటం. ఆ మొహమాటానికి నేనిప్పటికీ బావని క్షమించలేదు.

ఈ సంగతి అప్పే షాపులో కూర్చుని చెప్పింది.

"మీ బావ ఏసీ ఎట్టించినారు, తెలుసా? దానికి మంచు కడతాదిరా. కాసేపటికి కరిగి గోడంట కారతాది. సల్లగానే ఉంటాది గానీ దుప్పటి తడిగుడ్డలాగుంటాది. దాహం అలాగే ఉంది."

మర్నాడే వెళ్ళాను. బయటిది పెద్దది, లోపలిది చిన్నది. లోపలి కాయిల్ అంతటి చలువని ఓర్చుకోలేక గడ్డకట్టేస్తోంది. గడ్డ అడ్డుపడి గాలి రావడం లేదు. కరిగిన నీళ్ళు గోడ మీద చారలు కట్టాయి. అప్ప మంచం ఆ గోడకే ఎదురుగా ఉంది. రోజంతా ఆ కారే నీళ్ళని చూస్తూ పడుకుంటోందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రెంటికీ సంబంధం ఏటి బావా? ఎవుడు కలిపినాడు ఈటిని?" అని అరిచాను.

"రెండూ ఏసీలే గదా" అన్నాడు బావ.

ఇంత అమాయకంగా అనేసరికి ఇంకేం తిట్టను? ఆ సాయంత్రమే రెండూ విప్పించేశాను.

ఆ గదికి నేను చేసినంత పని నా సొంత ఇంటికి చేసుకోలేదు. గది పొడవూ వెడల్పూ చూసి దానికి సరిపడే చిన్న సెట్టే తెచ్చాను, లోపలిదీ బయటిదీ ఒకే పెట్టెలోంచి విప్పినట్టు జతగా. పడమటి గోడ సాయంత్రం దాకా కాలుతుంది, అక్కడి కిటికీకి మందపాటి తెర వేయించాను. పైన శ్లాబు వేడెక్కకుండా బావ కొబ్బరాకులు వరసగా పరిచాడు. పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని గోడకి కొత్తగా కన్నం కొట్టించాను. తలుపు కింద సందుకి గోనెపట్టా మడిచి కొట్టాను. ఇంత చేస్తే అప్ప తలుపు వెయ్యనివ్వదు.

"పట్టపగలు తలుపేసుకుని తొంగుంటే ఊరోళ్ళు నాను పోయినాననుకుంటార్రా."

తలుపు తీసి ఏసీ వేస్తే ఊరంతటినీ చల్లబరచాలి. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఆఖరికి వడ్రంగిని పిలిచి తలుపులో పై చెక్క తీయించి అద్దం వేయించాను. అందులోంచి వీధి కనిపిస్తుంది, వీధిలో వాళ్ళకి అప్ప కనిపిస్తుంది. పోయేవాళ్ళని చెయ్యెత్తి పలకరిస్తూ, లోపలి నుంచి వినపడదని తెలిసినా తిడుతూ, చాలా సరదా పడింది.

బావతో ఇంకో పేచీ వచ్చింది. బిగించి వచ్చిన నాలుగు రోజులకే ఫోన్ చేశాడు, మిషను మాటిమాటికీ ఆగిపోతోందని. వెళ్ళి చూద్దును గదా, బయటి డబ్బా కనిపించలేదు. దాని చుట్టూ కొబ్బరాకులతో దడి కట్టాడు. సముద్రం వైపు తోటలో లేతమొక్క నాటితే ఉప్పుగాలి తగలకుండా కడతారే, అచ్చం అలాంటి దడి. మూడు పక్కలా కట్టి, పైన కప్పు కూడా వేశాడు. లోపల పాపం ఆ మిషను తాను వదిలిన వేడిగాలి తానే పీల్చుకుని ఉడికిపోతోంది.

"ఇదేటి బావా, దీనికి ఊపిరాడద్దా?"

"ఉప్పుగాలికి మొక్కే మాడిపోద్ది. ఇనుము బతుకుతాదేటి?" అన్నాడు బావ.

ఆ మాట అబద్ధం కాదు. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. దడిని బారెడు దూరం జరిపి, సముద్రం వైపు ఒక్కటే ఉంచి, మిగతావి తీసేశాం. బావ రోజూ సాయంత్రం మంచినీళ్ళతో మిషనుకి ఉప్పు కడిగేవాడు. నేను చూపించినదానికన్నా నెమ్మదిగా, లేగదూడని కడిగినట్టు కడిగేవాడు.

ఆ తర్వాత గది గదిలా అయింది. లోపలికి అడుగు పెడితే ఒంటి మీది జిడ్డు పోయేది. అప్ప మధ్యాహ్నం పూట నిద్రపోయింది. లేచి, నాలుక ఎండలేదని తానే ఆశ్చర్యపోయింది. బావ నాకు ఫోన్ చేసి "తొంగుంది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నాకు అర్థమైంది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. నా పనిని నేను చూసుకుని మురిసిపోవాలి కదా. ఇంటి వెనక పైపు కింద బకెట్టులో నీళ్ళు ధారగా పడుతున్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురూ చేరారు.

"ఇయ్యేటి నీళ్ళు బాబూ? బోరువా?" అని ఒకావిడ అడిగింది.

"బోరు కాదు, గాలిలోవి. మీ ఉద్దానం నేల తాకని నీళ్ళు. ఇలాంటివి మీ ఊళ్ళో ఇంకెక్కడా దొరకవు" అని డబ్బా కొట్టుకున్నాను.

అందరూ నవ్వారు. అప్ప వెనక గుమ్మంలో నిలబడి ఉంది. తను కూడా నవ్వింది.

తప్పు నాదని చెప్పుకుని ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆ మాట నేను నవ్వులకి అన్నాను, ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, నేనూ పట్టుకోలేదు. నాకు బాధ వేరే. ఆ ఊళ్ళో ఆ మాట నవ్వులకి చెల్లదని నాకు తెలిసి ఉండాల్సిన వయసే.

ఎండలు ముదిరాక డయాలసిస్‌కి వచ్చిన ప్రతిసారీ అప్ప బరువు పెరిగి ఉంటోంది. అంటే నీళ్ళు ఎక్కువ పోతున్నాయని. సిస్టరమ్మ బావని మందలించింది. బావ బిక్కమొహం వేశాడు. "గళాసు నా సేత్తోనే ఇత్తన్నానమ్మా. ఎక్కువ ఇవ్వలేదు" అన్నాడు. ఎండుచేప తింటోందేమో, ఉప్పుకి దాహం వేసి దొంగచాటుగా తాగుతోందేమో అని నేను అప్పని నిలదీశాను. బావ ఇంట్లో బిందెలకి మూతలు పెట్టి వాటి మీద రాళ్ళు కూడా పెట్టాడు. సొంత ఇంట్లో అలా చేయాల్సి రావడం అతనికి ఎంత అవమానంగా ఉందో అతను ఆ రాళ్ళని చప్పుడు కాకుండా పెట్టడం చూస్తే తెలిసేది.

"నాను బిందె ముట్టుకోలేదు. ఒట్టు" అంది అప్ప. ఆమె ఒట్టు వేస్తే నిజమే. మేం నమ్మాం. నమ్మి, డయాలసిస్ చూసే డాక్టరు గారిని ఇంకేదైనా జబ్బేమో అని అడిగాం.

ఒకరోజు మంచినీళ్ళపేటలో పని చూసుకుని, దారిలోనే కదా అని అప్ప ఇంటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. బావ తోటలో ఉన్నాడు. నేరుగా ఇంటి వెనక్కి వెళ్ళి బకెట్టు చూశాను. ఖాళీ. అడుగున తడి తప్ప ఏమీ లేదు. గ్యాసు పోయింది, లేదా కాయిల్‌ని ఉప్పు తినేసింది, జత తప్పింది అనుకున్నాను. అప్ప నిద్రపోతోందని చప్పుడు చేయకుండా బయటి డబ్బా మూత విప్పి చూశాను. అంతా శుభ్రంగా ఉంది. పైపు మీద చెయ్యి పెడితే చల్లగా, సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. సన్న పైపు కొసకి నీళ్ళు ధారగానే వస్తున్నాయి. ధారగా వస్తున్న నీళ్ళు బకెట్టులో ఎందుకు లేవు?

బకెట్టు వెనక ఒక కొబ్బరి చిప్ప బోర్లించి ఉంది. తీశాను. దాని కింద ఒక గ్లాసు. అప్పకి కొలిచి ఇచ్చే చిన్న గ్లాసు కాదు. చుట్టాలకి మజ్జిగ ఇచ్చే పెద్ద గ్లాసు.

వెనక గుమ్మంలో అలికిడైంది. అప్ప గోడ పట్టుకుని నిలబడి ఉంది. నన్నూ, నా చేతిలో గ్లాసునీ చూసింది. చిన్నప్పుడు నేను బెల్లం దొంగిలించి దొరికిపోతే ఎలా ఉండేవాణ్ణో అలా ఉంది ఆ మొహం.

"అప్పా, ఈ నీళ్ళు తాగతన్నావా?"

"కొన్ని తాగి, కొన్ని మొహాన కొట్టుకుంటన్నాను. మిగిలినియ్యి మొక్కకి పోత్తన్నాను, మీ బావకి తెలకుండా" అంది. తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "ఇయ్యి నేల నీళ్ళు కావు గదరా. నువ్వే సెప్పినావు గదా. నేల నీళ్ళే గదా మనకి పడనియ్యి? ఇయ్యి ఏటి సేత్తాయి?" అంది.

నన్ను కొట్టడానికి ఇంకే మాటా దొరకలేదా అనిపించింది. కానీ ఆమె కొట్టడం లేదు. నిజంగా అడుగుతోంది. ఒట్టు కూడా నిజంగానే వేసింది, బిందె ముట్టుకోలేదు. ఆమె లెక్కలో ఆ నీళ్ళు బావ గ్లాసులోవి కావు, ఆ ఊరివి కావు, జబ్బువి కావు. తమ్ముడు తెచ్చిన మిషను ఇచ్చినవి. అవి మంచివి.

నేను అక్కడే బకెట్టు పక్కన నేల మీద కూర్చుండిపోయాను. కసరడం నాకు బాగా వచ్చు, ఆ రోజు రాలేదు. నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళేనని, లోపలికి వెళ్ళాక నీ ఒంటికి ఆ తేడా తెలియదని, అవి గుండె మీదికి పోతాయని ఎలాగో చెప్పాను. అవి శుభ్రమైనవి కూడా కావని, కాయిల్ మీది దుమ్మంతా కడుక్కుని వస్తాయని చెప్పాను. అప్ప శ్రద్ధగా విన్నది.

"అలగా" అంది. "సల్లగుంటాయిరా. పొద్దల్లా ఆ సప్పుడు ఇనపడతాది. ఎంతకని ఊరుకోను?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "ఊరుకోరా. ఇంక తాగన్లే" అంది. నన్ను ఓదార్చే ఓపిక ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

ఆ సాయంత్రం సన్న పైపుకి ఇంకో పైపు కలిపి, ఇంటి చుట్టూ తిప్పి, దూరంగా ఒక కొబ్బరిచెట్టు పాదులోకి మట్టి కింద నుంచి పంపించాను. చప్పుడు వినపడకూడదు, ధార కనపడకూడదు. అప్ప అద్దం వెనక నుంచి చూస్తూనే ఉంది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తలుపు తీసి బయటికి వచ్చి, "ఆ సెట్టు బాగా కాత్తాదిలే" అని మాత్రం అంది. జత కుదిరిన మిషను అంత బాగా పని చేస్తున్నందుకు నాకు మొదటిసారి దాని మీద కోపం వచ్చింది.

బావకి విషయం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. అతను బిందెల మీది రాళ్ళు తీసేసి, ఒక్కొక్కటే బయటికి తీసుకెళ్ళి గోడ అవతల పారేశాడు.

బరువు మళ్ళీ అదుపులోకి వచ్చింది గానీ గుండె అప్పటికే అలిసిపోయింది. వానలు పడేసరికి అప్పని మిషను మీద పెట్టగానే బీపీ పడిపోయేది. మధ్యలో ఆపి, మంచం కాళ్ళ వైపు ఎత్తి, మళ్ళీ పెట్టి, అలా నెట్టుకొచ్చారు. షాపుకి రావడం మానేసింది. ఆమె రాని రోజుల్లో కూడా నేను ఆ బల్ల తుడిచి కూర్చునేవాణ్ణి.

ఒక పొద్దున్న డాక్టరు గారు బావనీ నన్నూ వరండాలోకి పిలిచారు. ఇక ఆవిడ ఒళ్ళు డయాలసిస్ తట్టుకోలేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఆయన మాట చాలా నెమ్మదిగా ఉంది. "ఆవిడ ఏం అడిగితే అది ఇవ్వండి" అన్నారు.

బావకి అర్థం కాలేదు. "నీళ్ళు కూడానా బాబూ?" అని అడిగాడు.

"నీళ్ళు కూడా" అన్నారాయన.

ఇంటికి తెచ్చి గదిలో పడుకోబెట్టాం. ఊరంతా వచ్చి చూసి వెళ్తోంది. ఒకసారి "సలేత్తంది" అంది అప్ప. నేనే లేచి ఏసీ ఆపేశాను. గోడల్లోంచి మెల్లగా ఉక్క మళ్ళీ గదిలోకి వచ్చింది. ఆమెకి అది తెలిసినట్టు లేదు.

బావ తోటలోకి వెళ్ళి లేత బొండాలు దింపించి తెచ్చాడు. జబ్బు వచ్చినప్పటి నుంచి కొబ్బరినీళ్ళు ఆమెకి బొత్తిగా పనికిరావన్నారు. అంత తోట ఉండి, అన్నేళ్ళూ ఒక్క బొండాం నోటికి తగల్లేదు. బావ కత్తితో కొట్టి, పెద్ద గ్లాసు నిండా పోసి, పైకి పొంగేలా పోసి, మంచం అంచున కూర్చుని ఆమె తల ఎత్తిపట్టుకున్నాడు.

అప్ప ఒక్క గుక్క తాగింది. రెండోది నోట్లో ఉంచుకుంది, మింగలేదు.

"సాలు" అంది. "దాహం లేదు."

"ఇంకొక్క గుక్క తాగే. డాట్రుబాబు తాగొచ్చన్నాడు. ఎవులూ ఏటనరు, తాగే" అని బావ బతిమాలాడు. అతని గొంతు నాకు కొత్తగా వినిపించింది. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఇంకొక్క గుక్క అని బతిమాలిన గొంతు అప్పదే.

ఆమె కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది. నోట్లో నీళ్ళు పెదవి చివర నుంచి దిండు మీదికి కారిపోయాయి. బావ భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు. తుడిచి, గ్లాసు మళ్ళీ ఆమె పెదవుల దగ్గర పెట్టాడు.